ఇంటర్వ్యూలో ప్లేయర్ నినాదం ఇస్తే ఏం చేయాలి? టోర్నీ రూల్‌బుక్‌లో క్లాజ్ గురించి సలహా కావాలి

కూకట్‌పల్లి_కుర్రోడు
వచ్చే నెల గచ్చిబౌలిలో ఇంటర్ కాలేజ్ వీడియో గేమ్స్ టోర్నీ పెడుతున్నాం. వాలరెంట్ 16 టీమ్‌లు, బీజీఎంఐ 16 స్క్వాడ్‌లు. ఫైనల్స్ స్టేజ్ మీద, యూట్యూబ్ లైవ్, ప్రతి మ్యాచ్ అయ్యాక గెలిచినవాళ్లతో రెండు నిమిషాల ఇంటర్వ్యూ. స్పాన్సర్ పంపిన అగ్రిమెంట్‌లో ఒక క్లాజ్ ఉంది: "ప్రజల్లో ఏ వర్గాన్నైనా నొప్పించే లేదా సంస్థ ప్రతిష్ఠను దెబ్బతీసే ఏ పని చేసినా, నిర్వాహకుల సొంత విచక్షణ మేరకు ప్లేయర్‌ని తొలగించి ప్రైజ్ మనీ సున్నా చేయవచ్చు." ఇదే మాట ప్లేయర్ల రూల్‌బుక్‌లో కూడా దించమంటున్నారు. ఇంటర్వ్యూలో నినాదం ఇచ్చినా, ఏదైనా రాసున్న టీషర్ట్ వేసుకొచ్చినా దీని కిందకే వస్తుందట. ఒప్పుకోవాలా? వద్దంటే బదులు ఏం రాయాలి? ఫైనల్స్‌లో నిజంగా అలాంటిది జరిగితే ఆ నిమిషంలో ఎవరు ఏం చేయాలి?

కార్డుల_కట్ట
ఆ వాక్యం ఎక్కడిదో చూస్తేనే తెలిసిపోతోంది. బ్లిజార్డ్ కంపెనీ కార్డుల గేమ్ హార్త్‌స్టోన్‌కి గ్రాండ్‌మాస్టర్స్ అని పెద్ద లీగ్ ఉండేది, దాని 2019 రూల్స్‌లో 6.1 సెక్షన్ 'ఓ' క్లాజ్ దాదాపు ఇదే. "బ్లిజార్డ్ సొంత విచక్షణ", "ప్రజల్లో ఒక వర్గాన్ని నొప్పించడం", "ప్రైజ్ సున్నా డాలర్లు", మూడూ అందులో ఉన్నాయి.

దాని ఫలితం ఏమైందో ఒకసారి వరసగా చూడు. 2019 అక్టోబర్ 6, ఆసియా పసిఫిక్ మ్యాచ్. హాంకాంగ్ ప్లేయర్ బ్లిట్జ్‌చంగ్ గెలిచాడు. తైవాన్ స్ట్రీమ్ ఇంటర్వ్యూకి గ్యాస్ మాస్క్, కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి "హాంకాంగ్‌కు విముక్తి, ఇది మన కాలపు విప్లవం" అని అప్పటి హాంకాంగ్ నిరసనల నినాదం అన్నాడు. ఇద్దరు క్యాస్టర్లూ (మ్యాచ్ వ్యాఖ్యాతలు) బల్ల కిందకు తల దించేశారు. 8వ తేదీన తీర్పు: గ్రాండ్‌మాస్టర్స్ నుంచి తొలగింపు, ప్రైజ్ మొత్తం రద్దు, పన్నెండు నెలల బ్యాన్. ఆ ఇద్దరు క్యాస్టర్లతో కూడా ఇక పని చేయమన్నారు. మూడు నాలుగు రోజులు తిరిగేసరికి బ్లిజార్డ్ ప్రెసిడెంట్ జె. అలెన్ బ్రాక్ వెనక్కి తగ్గాడు. ప్రైజ్ తిరిగి ఇచ్చారు, బ్యాన్ ఆరు నెలలైంది, క్యాస్టర్లకూ ఆరు నెలలు. నవంబర్ 1న కంపెనీ సొంత వేడుక బ్లిజ్‌కాన్ స్టేజ్ మీద క్షమాపణ చెప్పాడు, ఆ ఆరు నెలలు మాత్రం ఎత్తేయలేదు.

ఆ క్లాజ్‌తో కంపెనీకి ఒరిగిందేమీ లేదు. నువ్వు సంతకం పెట్టకు.

సైనిక్‌పురి_సపోర్ట్
అందరూ ఒకే వైపు మాట్లాడేలా ఉన్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. స్టేజ్ ఆట కోసం. డబ్బు పెట్టినవాడు దాని కోసమే పెట్టాడు. ఈరోజు హాంకాంగ్ అంటే చప్పట్లు కొడతాం. రేపు ఒకడు కులం పేరెత్తుతాడు, ఇంకొకడు మతం. ఏది ఒప్పు, ఏది తప్పు అని మ్యాచ్ మధ్యలో అడ్మిన్ కూర్చుని తేల్చగలడా? క్రికెట్‌లో కూడా ఒప్పుకోరు. 2019 వరల్డ్ కప్‌లో ధోనీ గ్లవ్స్ మీద బలిదాన్ గుర్తు ఉంటే ఐసీసీ తీసేయమంది, తీసేశాడు. మన ఆర్మీ గుర్తుకే అంత ఉంటే మిగతావి ఎంత?

కార్డుల_కట్ట
అన్నా, నువ్వు చెప్పిన ధోనీ కేసే నా వాదనకు బలం. రూల్ ఉంది, తీసేయమన్నారు, తీసేశాడు, తర్వాతి మ్యాచ్ ఆడాడు. బ్యాన్ లేదు, గెలిచిన డబ్బు లాక్కోలేదు. ఉస్మాన్ ఖవాజా 2023 డిసెంబర్‌లో పెర్త్ టెస్ట్‌కు బూట్ల మీద "అందరి ప్రాణాలూ సమానమే" అని రాసుకుంటే ఒప్పుకోలేదు. చేతికి నల్ల బ్యాండ్ కట్టుకుని ఆడితే మందలింపుతో సరిపెట్టారు. రూల్ ఉండాలా వద్దా అన్నది ఒక గొడవ. తప్పుకు తగ్గ శిక్షా కాదా అన్నది వేరే గొడవ. 'ఓ' క్లాజ్ రెండోదాంట్లో ఫెయిలైంది.

చాయ్_బ్రేక్
చైనా మార్కెట్ కోసమే చేశారని అప్పట్లో అందరూ అన్నారు కదా. అది నిజమేనా?

కార్డుల_కట్ట
చైనాతో సంబంధాల ప్రభావం ఏమీ లేదని బ్రాక్ రాతపూర్వకంగా చెప్పాడు. కానీ బ్లిజార్డ్ ఆటలు చైనాలో నడిపేది అక్కడి కంపెనీ నెట్‌ఈజ్. మాతృసంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్‌లో ఇంకో చైనా కంపెనీ టెన్సెంట్‌కు దాదాపు 5 శాతం వాటా ఉండేది. అక్కడి సోషల్ మీడియా వీబోలో హార్త్‌స్టోన్ ఖాతాలో దేశ గౌరవాన్ని కాపాడతామన్న మాట వచ్చింది. ఇవి పక్కపక్కన కనిపిస్తుంటే జనం ఎలా నమ్ముతారు? అమెరికా చట్టసభ సభ్యులు రాన్ వైడెన్, మార్కో రూబియో, అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ లాంటివాళ్లు, ఒకరి పార్టీ అంటే ఇంకొకరికి పడనివాళ్లు, బ్లిజార్డ్‌ని తప్పుబడుతూ ఒకే లేఖ మీద సంతకాలు పెట్టారు. అప్పట్లో టెన్సెంట్‌కు 40 శాతం వాటా ఉన్న గేమ్ కంపెనీ ఎపిక్ అధినేత టిమ్ స్వీనీ మాత్రం, రాజకీయాలు మాట్లాడారని మేం ఎవర్నీ బ్యాన్ చేయమని ఆ వారంలోనే ప్రకటించాడు. వాటాదారు ఉన్నంత మాత్రాన నిర్ణయం ఒకేలా ఉండాలనేం లేదు.

పిక్సెల్_పద్మ
శిక్షలో ఎక్కువతక్కువలే కాదు, అందరికీ ఒకే కొలత లేకపోవడం కూడా దెబ్బకొట్టింది. అదే అక్టోబర్ 8న అమెరికన్ యూనివర్సిటీ టీమ్ కాలేజ్ హార్త్‌స్టోన్ స్ట్రీమ్‌లో "ఫ్రీ హాంకాంగ్, బాయ్‌కాట్ బ్లిజ్" అని ప్లకార్డు పట్టుకుంది. కెమెరా వెంటనే తిప్పేశారు, శిక్ష మాత్రం వేయలేదు. తర్వాతి మ్యాచ్ షెడ్యూల్ కూడా ఇచ్చారు. హాంకాంగ్ వాడికి ఒక న్యాయం, మాకు ఒక న్యాయమా అని ఆ పిల్లలే తప్పుకున్నారు. 16వ తేదీకి గానీ వాళ్లకు ఆరు నెలల బ్యాన్ రాలేదు. రూల్ అమలు చేయడానికి ఎనిమిది రోజులు ఆలోచించారంటే రూల్‌లోనే స్పష్టత లేదని అర్థం.

కాలేజ్ టోర్నీకి ఇది మరీ ముఖ్యం. ఫలానా కాలేజీ వాళ్లను వదిలేశారు, మమ్మల్ని పట్టుకున్నారు అన్న మాట ఒక్కటి పుట్టిందంటే వచ్చే ఏడాది టీమ్‌లు రావు.

మిడ్‌లేన్_మల్లన్న
కంపెనీలు రాజకీయాలు వద్దంటయి గానీ వాళ్లకు పనివడ్డప్పుడు వాళ్లే చేస్తరు. 2022ల ఉక్రెయిన్ యుద్ధం మొదలుగాంగనే టోర్నీలు నడిపే ఈఎస్‌ఎల్ వాళ్లు రష్యా సర్కారుతోటి సంబంధమున్న టీమ్‌లను పక్కకు వెట్టిన్రు. ప్లేయర్లు వేరే పేరుతోటి ఆడచ్చన్నరు. రష్యా టీమ్ వర్చుస్ ప్రోల కౌంటర్ స్ట్రైక్ ఆడే పిలగాండ్లు 'ఔట్‌సైడర్స్' అని పేరు వెట్టుకొని ఆడిన్రు. గదే ఏడాది నవంబర్‌ల రియో మేజర్ అనే పెద్ద టోర్నీ గూడ కొట్టిన్రు.

గదే ఏడు ఏప్రిల్‌ల డోటా అనే ఇంకో ఆటకు స్టాక్‌హోమ్ మేజర్ క్వాలిఫయర్స్. వర్చుస్ ప్రో ప్లేయర్ ఒగడు ఆట పాజ్‌ల ఉన్నప్పుడు మ్యాప్ మీద 'జెడ్' అక్షరం గీసిండు, గది ఆ యుద్ధంల రష్యా సైన్యం గుర్తు. టీమ్ మొత్తం అవుట్, వాని కాంట్రాక్ట్ ఖతం. మైక్ లేదు, ఇంటర్వ్యూ లేదు, మౌస్‌తోటి మూడు గీతలు. కుర్రోడా, నువ్వు ఇంటర్వ్యూ ఒక్కటే సోంచాయిస్తున్నవ్. ఆటల చాట్, స్ప్రే, పింగ్, టీమ్ పేరు, ప్లేయర్ పేరు గివన్ని గూడ రాయాలె.

అమీర్‌పేట్_అబ్జర్వర్
మల్లన్న చెప్పినవాటికి అబ్జర్వర్ (ఆటను ప్రేక్షకులకు చూపే కెమెరా నడిపేవాడు) వైపు నుంచి:

వాలరెంట్‌లో స్ప్రేలు గోడ మీద పడతాయి కానీ వాటి బొమ్మలు ఆ ఆట తయారుచేసిన రయట్ ఇచ్చినవే, సొంతవి ఎక్కించలేరు. దాంతో తలనొప్పి లేదు. ఆల్ చాట్ మాత్రం అబ్జర్వర్ స్క్రీన్‌లో కనిపిస్తుంది. ఓవర్‌లేలో (ఆట మీద మీరు వేసే గ్రాఫిక్స్ పొరలో) ఆ మూలను ఏదైనా గ్రాఫిక్‌తో కప్పేయండి, స్పాన్సర్ లోగో పెట్టినా సరే. ప్లేయర్ పేర్లు గేమ్ నుంచి కాకుండా మీ రోస్టర్ షీట్ నుంచి ఓవర్‌లేకి తీసుకోండి. అప్పుడు ఎవడైనా చివరి గంటలో పేరు మార్చినా స్క్రీన్ కింద పట్టీలో రాదు. కిల్ ఫీడ్‌లో (ఎవరు ఎవర్ని చంపారో చూపే చోట) మాత్రం గేమ్ పేరే వస్తుంది, అది దాచలేం. కాబట్టి లాబీలోకి రానిచ్చే ముందే పేర్లు చెక్ చేయాలి.

బల్ల_వెనక
ప్రొడక్షన్ సంగతి నేను చెప్తా. చాలామంది "డిలే పెట్టాం కదా, కట్ చేసేస్తాం" అనుకుంటారు. స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో అది అలా పనిచేయదు.

సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, స్ట్రీమ్ డిలేలో 120 సెకన్లు పెట్టారనుకోండి. అది మొత్తం అవుట్‌పుట్‌కి పడుతుంది. ఇప్పుడు మీరు సీన్ మార్చినా ఆ మార్పు కూడా 120 సెకన్ల తర్వాతే బయటికి వెళ్తుంది. అంటే ప్లేయర్ అన్న మాట అప్పటికే బఫర్‌లో ఉంది, అది వెళ్లి తీరుతుంది. ఆపాలంటే ఒకటే దారి, స్టాప్ నొక్కినప్పుడు డిలేని వదిలేసే ఆప్షన్ వస్తుంది, అది నొక్కాలి. అప్పుడు ఆ రెండు నిమిషాలూ పోతాయి, స్ట్రీమే ఆగిపోతుంది. యూట్యూబ్ స్టూడియోలో ఆటో స్టాప్ ఆన్‌లో ఉంటే లైవ్ అక్కడితో ముగిసి లింక్ చచ్చిపోతుంది. కాబట్టి ఆటో స్టాప్ ముందే ఆఫ్ చేసి ఉంచండి, అప్పుడు అదే లింక్ మీద మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇంటర్వ్యూ కెమెరా ఒక్కదానికే డిలే పెడదామని రెండర్ డిలే ఫిల్టర్ వాడకండి. అది 500 మిల్లీసెకన్లకు మించదు, లిప్ సింక్ సరిచేయడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇంకోటి. హాల్లో స్పీకర్లకు వెళ్లే లైన్ వేరు, స్ట్రీమ్‌కి వెళ్లే ఆక్స్ లైన్ వేరు. స్ట్రీమ్ మ్యూట్ చేసినా హాల్లో మూడొందల మందికి వినిపిస్తుంది, మూడొందల ఫోన్లు రికార్డ్ చేస్తాయి. బ్లిజార్డ్ వీఓడీ (రికార్డింగ్) తీసేసింది, క్లిప్ ప్రపంచమంతా తిరిగింది.

సైనిక్‌పురి_సపోర్ట్
@బల్ల_వెనక అయితే ఇంటర్వ్యూని పక్క గదిలో రికార్డ్ చేసి, చూసుకుని, ఐదు నిమిషాల తర్వాత బ్రేక్‌లో వేస్తే సరిపోతుంది కదా. గొడవే ఉండదు.

బల్ల_వెనక
టెక్నికల్‌గా సులువే. రెండో ల్యాప్‌టాప్, ఒక క్యాప్చర్ కార్డ్, ఫైల్‌ని మెయిన్ మెషీన్‌లో మీడియా సోర్స్‌గా వేయడం. కానీ "రికార్డ్ చేస్తున్నాం, ఎడిట్ చేయవచ్చు" అని ప్లేయర్‌కి ముందే చెప్పాలి. లైవ్ అని చెప్పి కోసేస్తే అది మోసం. పైగా కోసిన విషయం ఆ ప్లేయర్ ఇన్‌స్టాలో చెప్తే అదే పెద్ద వార్త అవుతుంది.

పిక్సెల్_పద్మ
అసలు అంత భయం ఎందుకు? ఒక స్టూడెంట్ ఐదు సెకన్లు ఒక మాట అంటే టోర్నీ కూలిపోదు. 2025 మార్చి, ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ ఎంత పెద్దదైందో అందరికీ తెలుసు. హెచ్‌సీయూ పిల్లలు రోడ్డెక్కారు, చెట్లు కొట్టడం ఆపమని ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెప్పింది. మన టోర్నీ అప్పుడే జరిగి ఉండి, ఒకమ్మాయి "కంచ గచ్చిబౌలిని కాపాడండి" అన్న టీషర్ట్‌తో స్టేజ్ ఎక్కితే, స్పాన్సర్ క్లాజ్ ప్రకారం ఆ పిల్ల గెలిచిన డబ్బు సున్నా! ఇది ఎవరికైనా న్యాయంగా అనిపిస్తుందా? సైనిక్‌పురి అన్నా, మీకు అనిపిస్తుందా?

సైనిక్‌పురి_సపోర్ట్
డబ్బు లాక్కోవడం న్యాయం కాదు, ఒప్పుకుంటా. జెర్సీ తప్ప వేరే టీషర్ట్ వేసుకోకూడదన్న రూల్ మాత్రం ఉండాలి. అది అందరికీ ఒకటే. అందులో రాజకీయం లేదు. చెట్ల మీద రాసున్నా, సినిమా హీరో బొమ్మ ఉన్నా, వేరే బ్రాండ్ లోగో ఉన్నా మార్చుకుని రమ్మనాలి.

పిక్సెల్_పద్మ
అది ఓకే. రాసింది ఏంటన్నది చూడకుండా బట్ట మాత్రమే చూసే రూల్ అయితే నాకు అభ్యంతరం లేదు.

లా_పాయింట్
పద్మ, సైనిక్‌పురి ఇద్దరూ కలిసిన చోటు సరైన చోటు. చట్టం వైపు నుంచి కొన్ని ముక్కలు.

ఆర్టికల్ 19(1)(ఏ) వాక్ స్వాతంత్ర్యం ప్రధానంగా ప్రభుత్వం నుంచి కాపాడేది. ప్రైవేట్ నిర్వాహకుడి మీద అంత సులువుగా పనిచేయదు. ప్రభుత్వ యూనివర్సిటీయే టోర్నీ నిర్వహిస్తే మాత్రం ఆర్టికల్ 12 కింద అది 'రాజ్యం', అప్పుడు లెక్క మారుతుంది. కాబట్టి నిర్వాహకుడు ఎవరన్నది పోస్టర్ మీద, రూల్‌బుక్ మీద ఒకేలా రాయండి.

"ప్రైజ్ సున్నా" క్లాజ్ కాగితం మీద భయపెట్టేంతగా కోర్టులో నిలబడదు. కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దక్కేది ఆ హద్దు లోపల సహేతుకమైన పరిహారమే. ఒక నినాదానికి గెలిచిన మొత్తం అంతా పరిహారం అంటే గట్టిగా వాదించాల్సి వస్తుంది.

పద్దెనిమిది నిండని పిల్లలు ఉంటే వాళ్ల సంతకం చెల్లదు, తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. ఇంటర్ కాలేజ్ అంటే జూనియర్ కాలేజ్ పిల్లలు కూడా వస్తారు కదా.

ద్వేష ప్రసంగానికి మీరు కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196 ఉంది, వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం. రూల్‌బుక్‌లో "నొప్పించే" అన్న గాలి మాటకు బదులు ఆ హద్దు పెట్టుకోండి. ఎవరో ఒకరు నొచ్చుకోని మాట మన ఊళ్లో లేదు.

చాయ్_బ్రేక్
బిర్యానీలో ఆలుగడ్డ వేయొచ్చా అన్నా నొచ్చుకుంటారు ఇక్కడ 😄

కూకట్‌పల్లి_కుర్రోడు
చాలా ఉపయోగంగా ఉంది. క్యాస్టర్లు, యాంకర్ ఏం చేయాలి? వాళ్లు కూడా స్టూడెంట్లే, వాళ్లను ఇరికించడం ఇష్టం లేదు.

బల్ల_వెనక
హ్యాండ్ మైక్ యాంకర్ చేతిలోనే ఉండాలి, ప్లేయర్‌కి ఇవ్వకూడదు. ఇది మర్యాద కోసమే కాదు, సౌండ్ కోసం కూడా, ప్లేయర్లు మైక్‌ని గడ్డం కింద పెట్టుకుంటారు. ప్రశ్నలు మూడు, మ్యాచ్ గురించే. "ఇంకేమైనా చెప్తారా?" అన్న ప్రశ్న అడగొద్దు. ఆ ప్రశ్న అడిగి, చెప్పాక శిక్షిస్తే తప్పు అడిగినవాళ్లది.

ప్లేయర్ నినాదం ఇస్తే యాంకర్ పూర్తవనివ్వాలి. లాక్కోవడం, నోరు మూయించడం, బల్ల కింద దాక్కోవడం ఏదీ వద్దు. "థాంక్యూ, తర్వాతి మ్యాప్‌కి వెళ్దాం" అని క్యాస్టర్లకు అప్పగించాలి. టెక్నికల్ డైరెక్టర్ స్కోర్‌బోర్డ్ సీన్ వేస్తాడు. క్యాస్టర్లు దాని మీద వ్యాఖ్యానించరు, ఎగతాళి చేయరు, మ్యాచ్‌లోకి వెళ్తారు. మొత్తం పది సెకన్ల పని. ఒకసారి రిహార్సల్‌లో చేసి చూడండి, ఎందుకంటే అప్పటికప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మిడ్‌లేన్_మల్లన్న
క్యాస్టర్లను శిక్షించుడు ఉండొద్దు. గది రూల్‌బుక్‌ల అక్షరాల రాయాలె. బ్రయాన్ కిబ్లర్ లాంటి పెద్ద క్యాస్టర్ గూడ అప్పుడు గ్రాండ్‌మాస్టర్స్ చెయ్యనని తప్పుకున్నడు. క్యాస్టర్లు పోతే షో లేదు. 2020 జులైల రయట్ వాళ్లు యూరప్ లీగ్‌కు సౌదీ కొత్త నగరం ప్రాజెక్టు నియోమ్‌ను స్పాన్సర్‌గ తెచ్చుకున్నరు. క్యాస్టర్లు, స్టాఫ్ బాహాటంగనే వద్దన్నరు. ఒక్క రోజుల డీల్ వాపస్.

కార్డుల_కట్ట
అవును, ఆ రయట్ వాళ్లే 2019 అక్టోబర్‌లో రాజకీయ, మత విషయాలు ప్రసారంలో ఎత్తొద్దని ప్లేయర్లకూ క్యాస్టర్లకూ చెప్పారు. ఏడాది తిరగకుండా వాళ్ల క్యాస్టర్ల మాటే వినాల్సి వచ్చింది. 2025 మేలో జియోగెసర్ (ఫొటో చూసి చోటు కనిపెట్టే ఆట) సంగతి కూడా అంతే. రియాద్ ఎస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో ఆడిస్తామనగానే మ్యాప్‌లు తయారుచేసేవాళ్లు తమ మ్యాప్‌లు ఆడకుండా మూసేశారు. కంపెనీ తప్పుకుంది. నిరసన పనిచేసిన చోటల్లా చూడండి, అది లేకపోతే ఆట నడవదు అన్నవాళ్లు చేసిందే. బ్లిట్జ్‌చంగ్ ఒక్కడే చేశాడు, ఒక్కడే మోశాడు. అందుకే నాకు ఆ కుర్రాడంటే అంత గౌరవం.

సైనిక్‌పురి_సపోర్ట్
గౌరవం సరే, కుర్రోడికి కావాల్సింది స్పాన్సర్‌ని ఒప్పించే మాట. అది చెప్పండి.

కార్డుల_కట్ట
స్పాన్సర్‌కి ఈ ఒక్క ముక్క చెప్పు: 2019లో మిత్సుబిషి మోటార్స్ తైవాన్ స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకుంది, అదీ బ్లిజార్డ్ శిక్ష ప్రకటించాక. మొదటి రెండు రోజులు అది హార్త్‌స్టోన్ చూసేవాళ్లకు మాత్రమే తెలిసిన సంగతి. శిక్ష పడ్డాకే ప్రపంచ వార్త అయింది.

లా_పాయింట్
స్పాన్సర్‌కి నిజంగా కావాల్సింది తన లోగోని కాపాడుకోవడం. దానికి ప్లేయర్ ప్రైజ్‌తో పనిలేదు. స్పాన్సర్ అగ్రిమెంట్‌లో "ఇలాంటి ఘటన జరిగితే 24 గంటల్లో లోగో తీసేయమని కోరే హక్కు" ఇవ్వండి. ప్లేయర్ల రూల్‌బుక్ వేరు కాగితం, అందులో స్పాన్సర్ పేరే ఉండకూడదు.

ప్లేయర్ల క్లాజ్‌కి నా ముసాయిదా: "స్టేజ్ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా టీమ్ జెర్సీ తప్పనిసరి. అధికారిక ప్రసారంలో ఇంటర్వ్యూ మ్యాచ్ వరకే. మొదటిసారి దాటితే రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి ఆ టోర్నీలో ఇంటర్వ్యూ ఉండదు. హింసకు పిలుపు, లేదా మతం, కులం, ప్రాంతం, భాష పేరుతో ద్వేషం రెచ్చగొడితే టోర్నీ నుంచి తొలగింపు. మ్యాచ్ ఫలితం, అప్పటికే గెలిచిన ప్రైజ్ ఏ సందర్భంలోనూ మారవు. ప్లేయర్ సొంత సోషల్ మీడియా, హాల్ బయట మాట్లాడేది ఈ నియమం కిందకు రాదు. ప్లేయర్ మాటకు యాంకర్, క్యాస్టర్ బాధ్యులు కారు. నిర్ణయం ముగ్గురిది: టోర్నీ అడ్మిన్, కాలేజ్ ప్రతినిధి, టీమ్ కెప్టెన్లు ఎన్నుకున్న ఒకరు. ప్లేయర్ వివరణ విన్నాక 48 గంటల్లో కారణాలతో రాతపూర్వకంగా ఇవ్వాలి."

"సొంత విచక్షణ" అన్న రెండు మాటలు ఎక్కడా రానివ్వకండి.

పిక్సెల్_పద్మ
సోషల్ మీడియా వాక్యం బంగారం. అది లేకపోతే ఇంటికెళ్లి పెట్టిన స్టోరీకి కూడా పట్టుకుంటారు.

మొదటిసారి హెచ్చరిక కూడా నాకు ఎక్కువే అనిపిస్తోంది, కానీ ఈ ముసాయిదాతో బతకొచ్చు.

సైనిక్‌పురి_సపోర్ట్
నాకు తక్కువ అనిపిస్తోంది. అయినా ముందే రాసి ఉంది, అందరికీ ఒకటే, కాబట్టి నేనూ ఓకే. ఈ క్లాజ్ ఒక పేజీగా తెలుగులో, ఇంగ్లిష్‌లో ప్రింట్ తీసి కెప్టెన్ల మీటింగ్‌లో చదివి వినిపించు. 40 పేజీల పీడీఎఫ్ ఎవరూ చదవరు.

చాయ్_బ్రేక్
ఇంకో క్లాజ్ మర్చిపోకండి, ఆటే బ్లాక్ అయితే? 2020 సెప్టెంబర్ 2న ఐటీ యాక్ట్ సెక్షన్ 69ఏ కింద బ్లాక్ చేసిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ కూడా పోయింది. 2022 జులైలో బీజీఎంఐ స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. ఎంట్రీ ఫీజు ఉంటే వాపస్ ఎన్ని రోజుల్లో ఇస్తారో రాయండి.

కూకట్‌పల్లి_కుర్రోడు
రాస్తాను. లా_పాయింట్ గారి ముసాయిదా స్పాన్సర్‌కి పంపాను. లోగో హక్కుకు ఒప్పుకున్నారు. ప్రైజ్ మాట తీసేయడానికి వాళ్ల లీగల్ టీమ్‌ని అడగాలట. మిత్సుబిషి సంగతి కూడా మెయిల్‌లో పెట్టాను. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ స్పాన్సర్ లేకుండా ప్రైజ్ తగ్గించి పెడదామని మా వాళ్లతో మాట్లాడుతున్నా.

అమీర్‌పేట్_అబ్జర్వర్
మంచి పని. బీజీఎంఐ పేర్ల గడువు మాత్రం ఇప్పుడే ప్రకటించు. అందులో పేరు మార్చాలంటే రీనేమ్ కార్డ్ కావాలి, అందరి దగ్గరా ఉండదు. ఫైనల్ ముందు రోజు "నీ పేరు కుదరదు" అంటే ఆ పిల్లోడు ఏం చేయలేడు. రోస్టర్ లాక్‌కి పది రోజుల ముందు పేర్ల స్క్రీన్‌షాట్లు తెప్పించుకుని, అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పు.